మూలభాషా పఠనము - గ్రీకు సాహిత్యము

ఇరువదవ శతాబ్దిలో తెలుగు విమర్శ క్రొత్త త్రోవ త్రొక్కినది. కట్టమంచి రామలింగారెడ్డిగారి "కవిత్వతత్త్వ విచారము" (1914) పాశ్చాత్య విమర్శపద్ధతిని తెలుగు కావ్యములకు అన్వయించి పండితలోకమున గొప్ప సంచలనము కలిగించినది. రెడ్డిగారు కేంబ్రిడ్జిలో చరిత్ర చదివినవారు. 1880లో వారు జన్మించునాటికి కట్టమంచి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా వేఱుపడువఱకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం ఒకే జిల్లాలోని ఊళ్లు. కావున ఈ విమర్శమార్గము వేలూరు ప్రాంతపు తెలుగువారికి పరాయిసొత్తు కాదు.

పిమ్మట అరిస్టాటిల్ పేరును, ఆయన పరిభాషయు తెలుగు వ్యాసములలో పరిపాటి యయ్యెను. కాని ఆ పరిభాష మనకు ప్రధానముగా ఇంగ్లీషు అనువాదములగుండ వచ్చినదే. అనువాదము చాలదా యను ప్రశ్న ఇచ్చట తప్పదు. కథను తెలిసికొని ఆనందించుటకు చాలును. హోమరు వీరగాథలను, సోఫోక్లీస్ నాటకములను అనువాదమున చదివి కరగినవారెందఱో కలరు. తీర్పు చెప్పబూనిన విమర్శకుని సంగతి వేఱు. మన సాహిత్యమే అనువాదముతో ఆరంభమైనది గదా యనవచ్చును. నిజమే, కాని నన్నయ సంస్కృతమూలమును స్వయముగా చదివి తెనిగించెను. ఇంకొకరి తెనుగును చూచి తెనిగింపలేదు.

అనువాదమునకు అనువాదము ఎచ్చటికి చేర్చునో చరిత్రయే చెప్పుచున్నది. అరిస్టాటిల్ కావ్యశాస్త్రము గ్రీకునుండి సిరియాక్ భాషకును, 10వ శతాబ్దిలో దానినుండి అరబ్బీకిని మాఱినది. 12వ శతాబ్దిలో కార్డోవా పండితుడు ఇబ్న్ రుష్ద్ ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసెను. ఆయన మహామేధావి, కాని గ్రీకు ఎఱుగడు, నాటకప్రదర్శనమును ఎఱుగడు. చేతిలోని అరబ్బీ పాఠము ననుసరించి ఆయన ట్రాజెడీని స్తుతికవిత్వమనియు, కామెడీని నిందాకవిత్వమనియు వ్యాఖ్యానించెను. 1256లో ఆ వ్యాఖ్య లాటిన్‌లోనికి దిగి, చాలకాలము యూరపు పండితులకు అరిస్టాటిల్ మతముగా చెల్లినది. లోపము మేధలో లేదు. మూలము కంటబడకపోవుటలోనే యున్నది.

తెలుగు విమర్శలో తఱచు వినబడు మూడు మాటలను పరిశీలింతము. మొదటిది "మీమేసిస్". దీనిని మనవారు "అనుకరణము" అందురు. ఆ మాట వాడినంతనే భారతీయ అలంకారశాస్త్రములోని ఒక పాత వివాదము వెంట వచ్చును. నాట్యము అనుకరణమని శంకుకుడు చెప్పగా, అభినవగుప్తుడు తన గురువైన భట్టతౌతుని మతము ననుసరించి దానిని ఖండించెను. కాగా అరిస్టాటిల్ గ్రంథారంభముననే వేణువాదనమును, వీణావాదనమును, నృత్యమును గూడ మీమేసిస్ అనియే పేర్కొనెను. ఉన్నదానికి నకలు తీయుట యను అర్థము ఇచ్చట అతుకదు. శంకుకునికి తగిలిన దెబ్బ అరిస్టాటిల్‌కు కూడ తగిలినట్లే యని వ్రాయువారు మాటను ఖండించుచున్నారే కాని మతమును కాదు.

రెండవది "కథార్సిస్". గ్రీకులో ఇది వైద్యులవాడుకలో విరేచనమును, మతాచారమున శుద్ధిని గూడ తెలుపును. 1857లో జాకబ్ బెర్నేస్ అను జర్మను పండితుడు వైద్యార్థమే సరియని వాదించెను. చర్చ నేటికిని తెగలేదు. కావ్యమును గూర్చిన గ్రంథమున దీనిని విశదీకరింతునని అరిస్టాటిల్ తన రాజనీతిగ్రంథములో మాట యిచ్చెను గాని, లభించుచున్న భాగమున ఆ వివరణము లేదు. తెలుగున "ప్రక్షాళనము" అనినను "విరేచనము" అనినను ఒక పక్షమును స్వీకరించినట్లే. మూలము చూడనివానికి తానొక పక్షమును చేరిన సంగతియే తెలియదు.

మూడవది "హమార్తియా". దీని ధాతువు హోమరు కావ్యమున ఈటె గుఱితప్పుటకు వాడబడినది. క్రీస్తుశకమున కొత్తనిబంధనకారులు ఇదే పదమును వాడగా, తెలుగు బైబిలున అది "పాపము" అయినది. నేడు మనదేశమున గ్రీకు నేర్పు స్థలములలో ముఖ్యమైనవి క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలలు. అచ్చట నేర్పబడునది ప్రధానముగా కొత్తనిబంధన గ్రీకు. ఆ అర్థముతో ఈడిపస్ కథను చూచినచో అతడు పాపి యగును. ఇంగ్లీషు విమర్శలోని వాడుకతో చూచినచో స్వభావదోషము కలవాడగును. ధాత్వర్థముతో చూచినచో తెలియక గుఱితప్పినవాడగును. ఒక మాటయొక్క చరిత్రనుబట్టి ఒక నాయకుని శీలమే మాఱిపోవుచున్నది.

వేలూరువారికి సమీపమైన ఉదాహరణము వేఱొకటి కలదు. 2వ శతాబ్దివాడగు టాలెమీ తన భూగోళగ్రంథమున ఈ సీమలో "అర్కాతూ బసీలేయోన్ సోరా" అని యొక రాజనగరమును పేర్కొనెను. దీనిని పట్టుకొని "టాలెమీ ఆర్కాటు పట్టణమును చెప్పెను" అనుట సులభము. కాని "అర్కాతూ" యనునది షష్ఠీవిభక్తి రూపము. ఆ వాక్యమున నగరము సోరా. అర్కాతు దానికి సంబంధించిన పేరు. అది రాజు పేరా, చోటు పేరా యని కాల్డ్వెల్ మున్నగువారు చర్చించిరి. ఊరిచరిత్ర తేల్చుటకును ఒక విభక్తిప్రత్యయము ఎంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది.

గ్రీకు తెలుగువానికి అందరానిదని భయపడ నక్కఱలేదు. హోమరు ఛందస్సు ఊనికపై గాక అక్షరకాలముపై ఆధారపడినది. పాదమునకు ఆఱు గణములు. మొదటి యైదింట గురువుపై రెండు లఘువులు గాని, రెండు గురువులు గాని నిలుచును. మొదటిది మన భగణమే, రెండవది గగమే. ఇంగ్లీషు విద్యార్థికి చెవి పట్టని ఈ నడక, ఉత్పలమాలకు గణవిభజన చేసిన బాలునికి వెంటనే తెలియును. గ్రీకులోని ద్వివచనము సంస్కృతము చదివినవానికి వింత కాదు. ఆక్స్‌ఫర్డులో ప్రాచీనసాహిత్య పట్టమునకు నాలుగేండ్ల చదువు. బడిలో గ్రీకు నేర్వనివారికి అక్షరాభ్యాసము మొదలుకొని నేర్పు మార్గమును అచ్చట గలదు. అట్టి తరగతిలో తెలుగు విద్యార్థి వెనుకబడడు.

ఆ గురులఘువులు తెలిసియున్నప్పుడే ఈ మాట చెల్లును. గుడియాత్తంలో కౌండిన్యానది ఒడ్డున, మగ్గములమధ్య, అగ్గిపెట్టెల పరిశ్రమలమధ్య పెరుగు తెలుగుబాలుడు ఇంట తెలుగు మాటాడును. 2006 నాటి తమిళాభ్యసన చట్టము వచ్చిన పిదప ఈ రాష్ట్రపు బడులలో తమిళము తప్పనిసరి యైనది. తమిళము నేర్చుట మేలే. తమిళమునకు తోడుగా తెలుగక్షరము నిలుచుటయే కావలసినది. లిపి తప్పిపోయినవానికి పోతన పద్యము తమిళలిపిలోనో, ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొనవలసిన పాట యగును. అప్పుడు హోమరు మనకెంత దూరమో పోతనయు అంతదూర మగును; ఇబ్న్ రుష్దునకు గ్రీకు నాటకమువలె మన కావ్యము మన పిల్లలకు వినికిడిగా మిగులును.

కావున రెండు పనులు ఒకేసారి జరుగవలెను. విశ్వవిద్యాలయమునకు పోవు తెలుగువారిలో కొందఱైనను గ్రీకును మూలముననే చదివి, కావ్యశాస్త్రమును నేరుగ తెనిగింపవలెను. మాట కొక్క తెలుగుమాట యిచ్చి ఊరకుండక, దానివెనుక గల చర్చనుగూడ తెలుపవలెను. వేలూరు, గుడియాత్తం బడులలో తెలుగు తరగతి పాఠ్యభాగముల వల్లెవేతతో ముగియక, విభక్తులును గణములును పిల్లల చెవికి, చేతికి అలవడునట్లు సాగవలెను. మొదటిపని చేయగలవాడు రెండవదాని నుండియే పుట్టును.