వెనక్కాలి మీద నుంచి విసిరినవాడు

మిల్వాకీలో మా తెలుగువాళ్లం నలుగురం కలిసినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ మాట వచ్చిందంటే, పులిహోర పళ్లేలు ఇంకా చేతుల్లో ఉండగానే ఎవరో ఒకరు నా వైపు తిరిగి "336" అంటారు. ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ పూట వాదన మొదలైపోయినట్టే.

336 అంటే గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు ఒకప్పటి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ ఎదుటి జట్టు చేతుల్లోకి విసిరిన బంతుల లెక్క. ఇంటర్‌సెప్షన్లు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఇంకెవరూ అన్ని విసరలేదు. "ఇన్నిసార్లు బంతి పోగొట్టినవాణ్ణి పట్టుకుని మహానుభావుడంటావేంటి?" అని మావాళ్ల ప్రశ్న. నేను 1996లో ఉద్యోగానికని ఈ ఊరొచ్చాను, ఆ సీజన్లోనే ప్యాకర్స్ లీగ్ ఆఖరాట సూపర్ బౌల్ గెలిచింది. అప్పటి నుంచీ నా జవాబు ఒకటే. ఆ 336నీ, అదే మనిషి విసిరిన 508 టచ్‌డౌన్లనీ రెండు పద్దుల్లో రాయకండి. అవన్నీ ఒకే చెయ్యి ఒకే తీరున విసిరినవి. ఇది కావాలంటే అది కూడా వస్తుంది.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జట్టుకి పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. అవతలి కొసన ఉన్న ఎండ్ జోన్‌లోకి బంతి చేరిస్తే టచ్‌డౌన్. బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. చుట్టూ మనవాళ్లు గోడలా నిలబడి కాచేది రెండున్నర, మహా అయితే మూడు సెకన్లు. ఆలోగా ఏ రిసీవర్‌కి విసరాలో చూసి విసరాలి. ఆలస్యమైతే నూట పాతిక కిలోల మనిషి వచ్చి మీద పడతాడు. బంతిని పందితోలు అంటారు గానీ ఎప్పట్నుంచో అది ఆవుతోలే. ముందుకు విసరడాన్ని 1906లో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకి వాషింగ్టన్ జట్టులో శామీ బా వచ్చి, విసరడం కూడా ఒక విద్యేనని లోకానికి చూపించాడు. చరిత్రకి ఇది చాలు.

ఇక అసలు సంగతి, ఆ చెయ్యి.

పిల్లలకి మొదటిరోజు నేర్పే పాఠం ఏమిటంటే, బరువు వెనక్కాలి మీద నుంచి ముందుకాలి మీదికి రావాలి. ముందు నడుము తిరగాలి, తర్వాత భుజం, ఆఖరున మోచెయ్యి. బంతి చెవి పక్క నుంచి వెళ్లాలి. ఒక దిక్కుకి పరిగెడుతూ ఇంకో దిక్కుకి విసరడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. దానికి కారణం ఉంది. ఒళ్లు ఎడమకి పోతుంటే చెయ్యి కుడికి విసిరినప్పుడు, ఒంటి జోరు బంతికి తోడు రాకపోగా ఎదురు తిరుగుతుంది. బంతి గాల్లో తేలిపోతుంది. అది దిగేలోపు ఎదుటివాళ్లు ఇద్దరు ముగ్గురు కింద పోగవుతారు.

1994 జనవరి 8న డెట్రాయిట్ లయన్స్‌తో నాకౌట్ ఆట. ప్యాకర్స్ 24-21తో వెనకబడి ఉన్నారు. నిమిషం కూడా మిగల్లేదు. బంతి ఎండ్ జోన్‌కి 40 గజాల దూరంలో ఉంది. ఫార్వ్ ఎడమకి జరిగాడు. అటు చూస్తే దారి లేదు. రిసీవర్ స్టెర్లింగ్ షార్ప్ మైదానం కుడి కొసన, ఎండ్ జోన్‌లో ఒంటరిగా ఉన్నాడు. అంటే చేయకూడని పనుల్లో మొట్టమొదటిది ఇప్పుడు చేయాలి. చేశాడు. బంతి మైదానాన్ని ఐమూలగా కోసుకుంటూ వెళ్లి షార్ప్ చేతుల్లో పడింది. రికార్డుల్లో 40 గజాల పాస్ అని రాశారు. గాల్లో అది వెళ్లిన దూరం అరవై పైమాటే.

ఆ ఆట నేను ప్రత్యక్షంగా చూడలేదు. తర్వాత ఆఫీసులో ఒకాయన వీసీఆర్ టేపు ఇస్తే చూశాను. ఆ ఒక్క పాస్ దగ్గరే ఆ రాత్రి ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో. మొదట్లో నా చూపు బంతి వెంట వెళ్లేది. తర్వాత తర్వాత బంతిని వదిలేసి మనిషిని చూడటం మొదలుపెట్టాను. నడుము నుంచి రావలసిన బలం కూడా భుజమూ మణికట్టూ కలిసి తెచ్చుకుంటున్నాయి. మెలి తిప్పిన తడిగుడ్డ విడిపోయినట్టు ఒక్క విసురు. బంతి మధ్యలో ఎక్కడా తేలలేదు. ఆయన పాస్‌లు పట్టి రిసీవర్ల వేళ్లు బెణికేవని గ్రీన్ బేలో కథలు కథలుగా చెబుతారు. నాకు నమ్మబుద్ధవుతుంది.

అయితే ఇదంతా గుడ్డి మొండితనం అనుకోవద్దు. 1997 జనవరి 26, న్యూ ఆర్లియన్స్, సూపర్ బౌల్. ప్యాకర్స్ దాడిలో రెండో ప్రయత్నం. లైను దగ్గర నిలబడ్డ ఫార్వ్, న్యూ ఇంగ్లాండ్ వాళ్లు తన మీదికి దూకబోతున్నారని పసిగట్టి, అనుకున్న ఎత్తు అక్కడికక్కడే మార్చేశాడు. మరుక్షణం ఆంద్రే రైసన్‌కి 54 గజాల టచ్‌డౌన్. హెల్మెట్ తీసి గాల్లోకి ఎత్తి పరిగెత్తిన ఆ కుర్రాణ్ణి చూసి మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటా వాళ్లు అరిచిన అరుపు నాకింకా వినిపిస్తోంది. తర్వాత ఆంటోనియో ఫ్రీమన్‌కి 81 గజాలు. 35-21. అంతకుముందు, 1968 నుంచి 1991 దాకా, ఈ జట్టు ప్లేఆఫ్స్‌కి చేరింది రెండంటే రెండుసార్లు. లక్ష జనాభా ఉన్న ఊరు, జనమే వాటాదారులుగా నడుపుకునే జట్టు. వాళ్ల ఆకలి తీర్చింది ఈ చెయ్యే.

మిసిసిపీలో కిల్న్ అనే చిన్న ఊరు ఫార్వ్‌ది. తండ్రి ఇర్విన్ బడిలో కోచ్. ఆయన పరుగు ఆటను నమ్మినవాడు, కొడుకు చేత పాస్‌లు పెద్దగా వేయించేవాడే కాదు. 1990 జులైలో కారు ప్రమాదం జరిగి చిన్నపేగు 30 అంగుళాలు కోసేశారు. సెప్టెంబరులో అదే మనిషి కాలేజీ జట్టు తరఫున మైదానంలో దిగి అలబామాని ఓడించాడు. తర్వాత లీగ్‌లో అట్లాంటా జట్టు తీసుకుంది గానీ పెద్దగా ఆడించలేదు. అక్కడ వేసిన నాలుగు పాస్‌లలో ఒక్కటీ తనవాళ్లకి చేరలేదు, రెండు ఎదుటివాళ్లకి చేరాయి. అలాంటివాడి కోసం గ్రీన్ బే మేనేజర్ రాన్ వుల్ఫ్ మొదటి రౌండు డ్రాఫ్టు అవకాశాన్ని ఇచ్చేశాడు. ఫార్వ్ చేసినంత సాహసమూ ఆ ఒక్క సంతకంలో ఉందని నేనంటాను. కోచ్ మైక్ హోమ్‌గ్రెన్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కొలత తప్పని పొట్టి పాస్‌ల పద్ధతి తెచ్చాడు. ఆ కొలతనీ ఈ జోరునీ ఒక ఒరలో ఇమడ్చడానికి ఇద్దరూ ఏళ్ల తరబడి పెనుగులాడారు. ఆ పెనుగులాటలోంచే 1995, 96, 97 వరసగా మూడు ఎంవీపీ (ఏటి మేటి ఆటగాడు) బిరుదులు పుట్టాయి.

1992 సెప్టెంబరు నుంచి 2010 డిసెంబరు దాకా 297 ఆటలు ఒక్కటీ మానకుండా మొదలుపెట్టాడు. విరిగిన బొటనవేలితో ఆడాడు, వాచిన చీలమండతో షికాగో మీద ఐదు టచ్‌డౌన్లు వేశాడు. 2003 డిసెంబరు 21న తండ్రి పోయాడు. మర్నాడు సోమవారం రాత్రి ఓక్లండ్‌లో ఆట. ఫార్వ్ దిగాడు. ఆ రాత్రి రిసీవర్లు ఇద్దరేసి ముగ్గురేసి మధ్య ఎగిరి పట్టిన పాస్‌లు చూస్తుంటే, ఆయన చెయ్యి వదిలిన బంతిని కింద పడనివ్వకూడదని జట్టంతా ఒట్టేసుకున్నట్టు అనిపించింది. 399 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు. ఇలాంటి రాత్రిని '3.3 శాతం ఇంటర్‌సెప్షన్లు' అన్న లెక్కలో ఏ గడిలో పెడతారు?

ఇప్పుడు నా మీద పడే రాళ్ల దగ్గరికి నేనే వస్తాను.

2008 జనవరి 20, ప్యాకర్స్ సొంత మైదానం లాంబో. మైనస్ 18 డిగ్రీల చలి. జయింట్స్‌తో ఓవర్‌టైమ్. బంతి మొదట మనకే వచ్చింది. రెండో ప్రయత్నంలోనే డొనాల్డ్ డ్రైవర్ వైపు వేసిన పాస్‌ని కోరీ వెబ్‌స్టర్ పట్టేశాడు. జయింట్స్ గెలిచారు. ప్యాకర్స్ చొక్కాలో ఆయన విసిరిన ఆఖరి బంతి అది. రెండేళ్లకి వైకింగ్స్ చొక్కాలో, న్యూ ఆర్లియన్స్‌లో మళ్లీ అదే కథ. 28-28, పంతొమ్మిది సెకన్లు. నాలుగు గజాలు పరిగెత్తి పడిపోతే ఫీల్డ్ గోల్‌కి ఒక అవకాశం ఉండేది. నలభై ఏళ్ల మనిషి, కుంటుతున్న కాలు. కుడికి జరుగుతూ ఎడమకి, మైదానం నడిమధ్యకి విసిరాడు. ట్రేసీ పోర్టర్ పట్టాడు. సెయింట్స్ సూపర్ బౌల్‌కి వెళ్లారు.

ఈ రెండూ తప్పులే. 2005లో 29 ఇంటర్‌సెప్షన్లూ తప్పులే. నేను దాచను. కానీ న్యూ ఆర్లియన్స్‌లో వేసిన పాస్‌నీ, డెట్రాయిట్‌లో వేసిన పాస్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. కదులుతూ, ఒంటికి అడ్డంగా, వేయకూడదన్న చోటికి. అదే విసురు, అదే తెగువ. ఒకదానికి చప్పట్లు కొట్టి రెండోదానికి ఉరిశిక్ష వేస్తామా? జో నేమత్ 173 టచ్‌డౌన్లు వేసి 220 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టి ఒక్కరూ లెక్క అడగలేదు. మన సెహ్వాగ్ మొదటి ఓవర్లో బ్యాటు ఊపి ఔటైన రోజులున్నాయని ముల్తాన్, చెన్నైల్లో ఆయన కొట్టిన రెండు ట్రిపుల్ సెంచరీలనూ చిన్నచూపు చూశామా?

మైదానం బయటి సంగతులు వేరు. నొప్పిమాత్రలకి బానిసైన సంగతి 1996లో ఆయనే బయటపెట్టాడు. మిసిసిపీలో పేదల సంక్షేమ నిధుల వ్యవహారంలో ఆయన పేరుంది. ప్రసంగాల కోసమని తీసుకున్న 11 లక్షల డాలర్లు తిరిగి కట్టాడు, రాష్ట్రం దావా వేసింది, తాను తప్పు చేయలేదని ఆయనంటాడు, క్రిమినల్ కేసు మోపలేదు. ఆ డబ్బు నిరుపేద కుటుంబాలది. నా అభిమానం ఆ ప్రశ్నకి జవాబు కాదు, కాకూడదు కూడా. నేను మాట్లాడుతున్నది చెయ్యి గురించే.

ఆ చేతివిద్య ఇప్పుడు ఏమవుతోందో చూస్తే కడుపు రగిలిపోతుంది. ఆదివారం టీవీ పెట్టండి. పన్నెండు గజాలు కావాల్సిన చోట నాలుగు గజాల దూరంలో ఊరికే నిలబడ్డవాడికి బంతి అందించి, పాస్ చేరిందన్న శాతం పెంచుకుని పక్కకి వెళ్లే క్వార్టర్‌బ్యాక్‌లు ఎంతమందో. పత్రికల్లో వాళ్లకి 'జాగరూకుడు' అన్న మెప్పు. ఇది జాగ్రత్త కాదు, ఓటమిని కాగితం మీద అందంగా రాసుకోవడం. ఫార్వ్ తర్వాత వచ్చిన ఆరన్ రాడ్జర్స్ కూడా ఒకప్పుడు మావాడే, ఎంవీపీలు నాలుగు గెలిచాడు, చేతిలో ఫార్వ్ కన్నా పొందిక ఎక్కువ. 2018లో 597 పాస్‌లు వేసి రెండే రెండు పోగొట్టాడు. ఆ ఏడాది ప్యాకర్స్ గెలిచినవి ఆరు, ఓడినవి తొమ్మిది. ఒక్కడి మీద ఓటమంతా మోపడం న్యాయం కాదు. ఇంటర్‌సెప్షన్ లేకపోవడమే గొప్పయితే మాత్రం ఆ ఏడాది లాంబోలో పండగ జరగాల్సింది.

దీనికన్నా నాకు కోపం తెప్పించేది నకిలీ. ఇప్పటి క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ పక్కచేత్తో, చూడకుండా, ఒకసారి ఎడమచేత్తోనూ విసిరాడు. అది అసలు సరుకు. బేస్‌బాల్ పిచర్ కొడుకు, దారి మూసుకుపోయినప్పుడు ఇంకో కోణం వెతుక్కున్నాడు. ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లు ఎదురుగా ఎవరూ లేనిచోట కూడా చెయ్యి పక్కకి వంచి విసురుతున్నారు, తల అటు తిప్పి వీడియో తీయించుకుంటున్నారు. ఫార్వ్ వెనక్కాలి మీద నుంచి విసిరింది ముందుకాలు పెట్టడానికి చోటు లేక. చోటుండి కూడా అలా విసిరితే అది వేషం.

పోయిన వేసవిలో, ఒకరి మీద ఒకరు పడకుండా ఆడే, మా మేనల్లుడి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆటకి వెళ్లాను. వాడికి పదకొండేళ్లు. చిక్కుల్లో పడి, పరిగెడుతూ ముప్ఫై గజాల బంతి వేశాడు. అవతలి పిల్ల పట్టేసింది. కోచ్ అక్కడికక్కడే వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు, ఆట అయ్యేదాకా లేపలేదు. రెండోవాడు మిగతా ఆటంతా పొట్టి పాస్‌లు వేశాడు, ఓడిపోయారు, అందరూ "గుడ్ జాబ్" అన్నారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. అమెరికాలో మన తెలుగు పిల్లలు ఎందరో ఈ ఆట ఆడుతున్నారు. తల్లిదండ్రులకి చేతులు జోడించి చెబుతున్నాను. మీవాడు దూరంగా వేసిన బంతి ఎదుటివాళ్లకి చిక్కితే గట్టు మీద నుంచి కేకలేయకండి. ఇంటికొచ్చాక అడగండి, అక్కడ నీకేం కనిపించింది, ఎందుకు వేశావు అని. వాడు చెప్పగలిగితే ఇంకోసారి వెయ్యనివ్వండి. మా వాడు చెప్పాడు. మూలన వాడి నేస్తం ఒంటరిగా ఉన్నాడట, బంతి ఒక్క అడుగు పొట్టిగా పడిందట.

2015 నవంబరు 26, థాంక్స్‌గివింగ్ రాత్రి షికాగోతో ఆటకి నేను లాంబోలో ఉన్నాను. వాన. వైకింగ్స్ చొక్కాలో వచ్చినప్పుడు ఫార్వ్‌ని అరిచి వెక్కిరించిన జనమే, విరామంలో గోడ మీద ఆయన 4వ నంబరు వెలిగితే లేచి నిలబడ్డారు. స్ట్రోకుల నుంచి కోలుకుంటున్న పెద్దాయన, ప్యాకర్స్ పాతకాలపు క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్‌ని బండిలో తీసుకొచ్చారు. ఫార్వ్ వంగి ఆయన్ని కావలించుకున్నాడు. తర్వాత మళ్లీ ఆట మొదలైంది. ఆఖర్లో వెనకబడ్డ రాడ్జర్స్ ముందుకు విసిరిన ఒక బంతిని షికాగోవాడు పట్టేశాడు. పట్టినవాడెవడా అని చూస్తే ట్రేసీ పోర్టర్. ప్యాకర్స్ ఆ రాత్రి 17-13తో ఓడారు. నా పక్క సీట్లో తడిసి ముద్దయిన ముసలాయన ఎవరో, తల ఊపి, "వేయాల్సిన బంతే" అన్నాడు.