ఒక్క అడుగు వెనక్కి

మంకీ మియాలో కోతులు లేవు. ఈమూ పక్షులున్నాయి. టెంట్ల మధ్య పెద్దమనుషుల్లా తిరుగుతూ, ఎవరైనా బ్రెడ్డు ప్యాకెట్ విప్పి అటు తిరిగితే చాలు, మెడ చాచి లాక్కుపోతాయి. చేపల బకెట్ ఎటునుంచి వస్తుందో పెలికాన్లకు బాగా తెలుసు. జనం అంతదూరం వెళ్లేది మాత్రం వీటి కోసం కాదు, పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలోకి వచ్చే డాల్ఫిన్ల కోసం.

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు పోతే, మంకీ మియా ఉన్న షార్క్ బే వస్తుంది. అక్కడి మల్గానా ఆదివాసులు దాన్ని గథాగుడు అంటారు. 1991లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వీపున సంచి వేసుకుని బయల్దేరినవాళ్లకు ఆ దారి అంత సుళువేం కాదు. ఓవర్‌ల్యాండర్ రోడ్‌హౌస్ దగ్గర హైవే వదిలేస్తే, డెన్హమ్ ఊరు చేరడానికి ఇంకో 130 కిలోమీటర్లు దాదాపు అంతా ఎర్రమట్టి, తుప్పలే. పెట్రోలు, మంచినీళ్లు ముందే చూసుకోవాలి. డెన్హమ్‌లో తాగే నీళ్లు కూడా ఉప్పు తీసేసినవే. దారిలో హామెలిన్ పూల్ ఉంది. మామూలు సముద్రానికి రెట్టింపు ఉప్పు ఉండే ఆ నీళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకుంటూ నల్లటి రాతి దిబ్బల్లా పెరుగుతుంటాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. భూమ్మీద అతి పాత జీవం ఆనవాళ్లలో కొన్ని ఈ రూపంలోనే దొరికాయి. ఆ తర్వాత షెల్ బీచ్. అక్కడ ఇసుకకు బదులు వేలిగోరంత తెల్లటి గవ్వలు మీటర్ల మందాన పరుచుకుని ఉంటాయి. కాలక్రమంలో గట్టిపడిన ఆ గవ్వల్ని దిమ్మెలుగా కోసి ఒకప్పుడు ఇళ్లు కట్టారు. డెన్హమ్‌లో ఆ గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

ఇంత ప్రయాణం చేసి మంకీ మియా చేరి, వలంటీరుగా పేరు రాయించుకున్నవాళ్లు డాల్ఫిన్లతో ఈత కొడతామనుకుంటే పొరపాటు. జీతం ఉండదు. పని చేపల గదిలో మొదలవుతుంది. గడ్డకట్టిన చేపల్ని కరగనివ్వాలి, తూకం వేయాలి, ఏ డాల్ఫిన్‌కు ఎంతో లెక్క చూసి బకెట్లలో సర్దాలి. చేతికి పట్టిన ఆ నీచు వాసన ఒక్క సబ్బు రుద్దుడుకు పోయేది కాదు. ఆ పని కాగానే ఒడ్డుకు వెళ్లి జనాన్ని వరసలో నిలబెట్టాలి. ముట్టుకోవద్దనీ, కాళ్లకు సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్లలోకి దిగొద్దనీ, అది డాల్ఫిన్ల కళ్లకు మంట పుట్టిస్తుందనీ వచ్చినవాళ్లందరికీ చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది: దయచేసి ఒక్క అడుగు వెనక్కి.

మొదటి విడత ఉదయం 7.45 ప్రాంతంలో. డాల్ఫిన్లు వస్తే మధ్యాహ్నం పన్నెండు లోపల మూడు విడతల దాకా చేపలు పెడతారు. రేంజరు ముందుగా వీపు రెక్కల మీది గాట్లు, చిల్లులు చూసి వచ్చింది ఎవరో పోల్చుకుంటారు. వరసలోంచి ఒకరిద్దరిని పిలుస్తారు. పిలుపు అందుకున్న మనిషి చేపను తోక దగ్గర పట్టుకుని నీటి అంచున ఉంచుతాడు. డాల్ఫిన్ కాస్త పక్కకు ఒరిగి, ఒక కన్ను పైకి పెట్టి, ఆ మనిషిని చూసి, చేపను లాగేసుకుంటుంది. అంతా క్షణాల్లో అయిపోతుంది. చివర్లో బకెట్లన్నీ ఒకేసారి నీళ్లలో ముంచి కడిగేస్తారు. ఈ పూటకు ఇంతేనని డాల్ఫిన్లకు అదే కబురు. పెట్టేది కూడా ఎదిగిన ఆడ డాల్ఫిన్లలో ఎంపిక చేసిన కొద్దిమందికే, వాటి రోజు తిండిలో ఓ చిన్న వంతే. మిగతాది అవే వేటాడుకోవాలి. మధ్యాహ్నం తర్వాత ఏమీ పెట్టకపోవడం అందుకే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే వెనక చేదు అనుభవం ఉంది. 1960ల్లో అక్కడ మకాం వేసిన జాలర్ల కుటుంబాలు పడవ పక్కకు వచ్చిన డాల్ఫిన్లకు మిగిలిన చేపలు వేయడంతో ఇదంతా మొదలైంది. నోటి మాటగా పాకింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు, తోచినన్ని వేయడం అలవాటైంది. వీపు రెక్కకు చిల్లు ఉన్న హోలీఫిన్, ఆమె కూతురు నికీ, వంకర రెక్క క్రూకెడ్‌ఫిన్, ఆమె కూతురు పక్. ఈ డాల్ఫిన్ల పేర్లు అక్కడ ఇరుగుపొరుగు ఆడవాళ్ల పేర్లంత మామూలైపోయాయి. 1980ల తొలినాళ్లలో రిచర్డ్ కానర్, రేచల్ స్మోల్కర్ వంటి యువ పరిశోధకులు వచ్చి గమనించడం మొదలుపెట్టారు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ పని ఆగలేదు.

ఆ లెక్కల్లో తేలిన సంగతి ఎవరికీ మింగుడుపడలేదు. మనుషులు పెట్టే చేపలు తినే తల్లుల పిల్లలు, అవి తినని తల్లుల పిల్లలకన్నా ఎక్కువగా చనిపోతున్నాయి. కారణం విషమూ కాదు, రోగమూ కాదు. తల్లి లోతు తక్కువ నీళ్లలో మనుషుల ముందు చేప కోసం కాచుకుని ఉంటుంది. పిల్ల పాలు తాగాలంటే తల్లి ఈదుతూ ఉండాలి, పిల్ల దాని కడుపు కిందికి చేరాలి. ఒడ్డున అది కుదరదు. పిల్ల విసుగెత్తి లోతుకు వెళ్లిపోతుంది, అక్కడ టైగర్ షార్కులు తిరుగుతుంటాయి. పైగా పిల్ల వేట నేర్చుకునేది తల్లి వెంట తిరిగే. ఆ తల్లి చెయ్యి చాచిన మనిషి వైపు చూస్తుంటే పిల్ల నేర్చుకునేదేముంటుంది? 1990ల మధ్యలో అధికారులు వేళలు తగ్గించి, కొలత పెట్టాక పిల్లల పరిస్థితి మెరుగుపడింది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు ఆపి కోతులకు అరటిపళ్లు విసిరే మన భక్తులకు ఈ కథ పూర్తిగా కొత్తదేమీ కాదు. అక్కడ కూడా పెట్టే చేతికి దయే కనిపిస్తుంది, రోడ్డు మీద నలిగిన పిల్లకోతి కనిపించదు.

అసలు ఈ డాల్ఫిన్ల గొప్పతనం బకెట్ దగ్గర కనపడేదే కాదు. ఒడ్డుకు దూరంగా, లోతైన కాలువల్లో కొన్ని ఆడ డాల్ఫిన్లు సముద్రపు అడుగు నుంచి గరాటులాంటి స్పాంజిని పెరికి ముట్టెకు తొడుక్కుంటాయి. దాంతో రాళ్లూ గవ్వలూ ఉన్న నేలను తవ్వుతాయి. అక్కడ దాక్కునే ఒక రకం చేపకు ఒంట్లో గాలి తిత్తి ఉండదు. అందుకే డాల్ఫిన్ పంపే ధ్వనికి అది సరిగ్గా చిక్కదు. తవ్వి లేపితే కళ్లతో చూసి పట్టేస్తుంది. ఈ విద్య ఎక్కువగా తల్లి నుంచి కూతురికి వస్తుంది. మరికొన్ని డాల్ఫిన్లు పెద్ద శంఖపు చిప్పలోకి చేపను తరిమి, ఆ చిప్పను నీటిపైకి ఎత్తి, జల్లెడ పట్టినట్టు కుదిపి నోట్లో వేసుకుంటాయి. ఇది తోటివాళ్లను చూసి నేర్చుకున్నదని పరిశోధకులు 2020లో చెప్పారు. 2011 ఎండాకాలంలో సముద్రపు వేడి విపరీతంగా పెరిగి, అక్కడి సముద్రపు గడ్డి మైళ్ల కొద్దీ చచ్చిపోయింది. ఆ తర్వాత డాల్ఫిన్ల మనుగడ రేటు 12 శాతం దాకా పడిపోయింది, కాన్పులూ తగ్గాయి. స్పాంజి విద్య తెలిసిన కుటుంబాలకు మాత్రం దెబ్బ తక్కువ తగిలింది. కష్టకాలంలో అక్కరకొచ్చింది తల్లి నేర్పిన పనే.

మనుషులకు మాత్రం తమ ప్రమేయమే ముఖ్యంగా తోస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని టిన్ కాన్ బేలో కూడా వలంటీర్లు డాల్ఫిన్లకు చేపలు పెడతారు. 2020లో లాక్‌డౌన్ వల్ల జనం రాకపోయేసరికి అక్కడి ఒక మగ డాల్ఫిన్ స్పాంజీలు, సముద్రపు గుల్లలు పట్టిన సీసాలు నోట కరచుకుని తేవడం మొదలుపెట్టింది. మనుషుల మీద బెంగ పెట్టుకుందని ప్రపంచమంతా మురిసిపోయింది. తెచ్చిన ప్రతి వస్తువుకూ వలంటీర్లు ఒక చేప ఇస్తున్నారన్నది వార్తల్లో కింది వరసలో ఉంది. బెంగ కన్నా బేరమే ఎక్కువేమోనని ఈ కాలమ్ అనుమానం.

మరి చేపలు పెట్టడం పూర్తిగా ఆపేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయముంది. అయితే ఒడ్డున ఆపేస్తే తినిపించడం ఆగదు, పడవల పక్కకు మారుతుంది. అక్కడ ఏ రేంజరూ తూకం వేయడు, ఎర ముక్కలే విసురుతారు. అలవాటుపడిన కొద్ది డాల్ఫిన్లతో, తూచిన చేపలతో, పొద్దుటి పూటకే పరిమితం చేయడం మంచి రాజీ. కొత్త తరాన్ని మాత్రం చేర్చకపోతే ఇంకా మంచిది.

ఈ పని స్వయంగా చేసి చూడాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. 2024 నుంచి 18–30 ఏళ్ల భారతీయులకు ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా తెరిచింది. ఏడాదికి 1,000 మందికి, లాటరీ పద్ధతిలో. మన పిల్లలెవరికైనా అది తగిలి వలంటీరుగా షార్క్ బే దారి పడితే, పన్నెండుకు డాల్ఫిన్ల విడతలు అయిపోయాక తీరిక దొరకొచ్చు. అక్కడికి దగ్గర్లోనే ఫ్రాన్స్వా పెరాన్ నేషనల్ పార్కు ఉంది. దాని పాత గొర్రెల స్టేషన్లో భూగర్భం నుంచి ఉబికే వేడినీళ్ల తొట్టి దాకా మామూలు కారూ వెళ్తుంది. ఆపైన ఎర్రటి కొండచరియల దాకా వెళ్లాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, ఇసుకలో టైర్ల గాలి తగ్గించడం తెలిసుండాలి.