మెర్కెల్ కణ క్యాన్సరు: అయిదక్షరముల సూత్రము

చర్మమునకు వచ్చు క్యాన్సరులలో మెర్కెల్ కణ క్యాన్సరు అరుదైనది, మిక్కిలి ఉగ్రమైనది. 1972లో సిరిల్ టోకర్ దీనిని మొదట వర్ణించెను. దీని గుర్తులను గూర్చి అమెరికాలో మిషెల్ హీత్, ఆమె సహచరులు 2008లో ప్రకటించిన వ్యాసమును వైద్యులు నేటికిని ఉదాహరించుచుందురు. వారు 195 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి, ఆంగ్లములోని ఎ, ఇ, ఐ, ఓ, యు అను అచ్చులకు ఒక్కొక్క లక్షణమును ముడివేసిరి. నొప్పి లేకుండుట, త్వరగా పెరుగుట, వ్యాధినిరోధకశక్తి సన్నగిల్లుట, వయస్సు 50 దాటుట, తెల్లని చర్మముపై ఎండ తగులు చోట పుట్టుట అనునవే ఆ అయిదు. నూటికి 89 మందిలో వీనిలో మూడైనను కనబడినవి.

జ్ఞాపకముంచుకొనుటకు సూత్రము బాగున్నది. కాని వ్యాసములో అంతకంటె విలువైన సంగతి వేరొకటి కలదు. ముక్క కోసి పరీక్షింపక పూర్వము నూటికి 56 కణితులను వైద్యులే నిరపాయకరములని తలచిరి! తిత్తియనియో మొటిమవంటిదనియో చెప్పినవారే ఎక్కువ. నూటికి 88 కణితులు నొప్పి లేనివి. నొప్పి లేనిదానిని ఎవరు పట్టించుకొందురు? ఆలస్యమునకు మూల్యము పెద్దది. 9,387 మంది రోగుల లెక్కలనుబట్టి 2016లో ప్రకటించిన వివరముల ప్రకారము, కణితి పుట్టినచోటనే యున్నవారిలో నూటికి 51 మంది అయిదేండ్లు జీవించిరి. లింఫు గ్రంథులకు ప్రాకినచో 35, దూరావయవములకు ప్రాకినచో 14 మంది మాత్రమే. రోగులలో వృద్ధులు ఎక్కువ గనుక ఇతర కారణముల మరణములును ఇందు చేరియున్నవి.

ఇక లోపము. పరిశీలింపబడినవారందరును క్యాన్సరు ఉన్నట్లు నిర్ధారణయైనవారే. మామూలు తిత్తులు గలవారిని ప్రక్కన నిలిపి పోల్చలేదు. పరీక్ష తప్పిన బాలురలో నూటికి 90 మందికి సైకిళ్లున్నవని తేలినంతమాత్రమున, నెగ్గినవారి సంగతి విచారింపక సైకిలుపై నింద మోపవచ్చునా? మామూలు తిత్తులును సాధారణముగ నొప్పి లేనివే. మూడు లక్షణములు కనబడగానే క్యాన్సరని భయపడ నక్కరలేదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచుటయే నిర్ణయము. నిరోధకశక్తి బాగుగ సన్నగిల్లినవారు నూటికి 8 మందికి లోపే యైనను, అచట మాత్రము పోలిక కలదు: ఒక విధమైన దీర్ఘకాలిక రక్తక్యాన్సరు ఈ రోగులలో సామాన్యజనులకంటె 30 రెట్లకు మించి కనబడినది.

చివరి అక్షరము మరింత బలహీనమైనది. రోగులలో నూటికి 98 మంది శ్వేతజాతివారు. కనుక ఛాయ తక్కువవారిని గూర్చి ఈ వ్యాసము చెప్పగలది స్వల్పము. ఎండ ఒక్కటే కారణమనుటకును వీలులేదు. అదే 2008లో పిట్స్‌బర్గులో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందము పరీక్షించిన 10 కణితులలో 8 ఒక క్రొత్త వైరసును కలిగియుండెను. మన వైద్యవిద్యార్థి ఆ అక్షరమును వల్లించి, నల్లని చేతిపై త్వరగా పెరుగుచున్న ఎఱ్ఱని గడ్డను వదలివేసినచో, సూత్రము మేలు చేయుటకు మారుగా కీడు చేయును.