సుహృత్సమ్మిత విమర్శ: అపరాధ పరిశోధక నవల, మిత్రుల సిఫారసు

వ్యాససంగ్రహం

తెలుగులో అపరాధ పరిశోధక నవలకు పాఠకులు ఎక్కువ, విమర్శకులు తక్కువ అనే అభిప్రాయం స్థిరపడి ఉంది. ఈ వ్యాసం అందులోని రెండవ భాగాన్ని ప్రశ్నిస్తుంది. తాను చదివిన నవలను మిత్రుని చేతిలో పెట్టి ‘చదివి చూడు’ అనడం కూడా విమర్శవ్యాపారమేనని, దానికి తనదైన నియమం, నిగ్రహం ఉన్నాయని ప్రతిపాదిస్తుంది. 1944-45లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్‌కు ఎదురైన సిఫారసులను, అగాథా క్రిస్టీ రచనల చుట్టూ ఏర్పడిన గోప్యతా సంప్రదాయాన్ని, కొమ్మూరి సాంబశివరావు నవలలు చేతులు మారిన తీరును పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధక నవల, సుహృత్సమ్మితం, సిఫారసు, పాఠకుడు, గోప్యత, అద్దె పుస్తకాల దుకాణం.

1. సుహృత్తు మాట

ఉపదేశం మూడు విధాలని ఆలంకారికులు చెప్పారు. వేదం ప్రభువులా శాసిస్తుంది. పురాణేతిహాసాలు మిత్రునిలా హితం చెబుతాయి. కావ్యం కాంతలా మనసు కరిగించి ఒప్పిస్తుంది. మమ్మటుని కావ్యప్రకాశంలోనూ, ఓరుగల్లు కాకతీయుల ఆశ్రయంలో వెలువడిన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోనూ కనిపించే ఈ విభజనను కావ్యప్రయోజనాలు బోధించేటప్పుడు మనం తప్పక ప్రస్తావిస్తాం. విమర్శకు మాత్రం దానిని అన్వయించి చూడం. అన్వయిస్తే కొన్ని సంగతులు తేటపడతాయి. పాఠ్యప్రణాళిక, సాహిత్యచరిత్ర, పురస్కార సంఘం ప్రభుసమ్మితాలు. ‘ఇది చదవదగినది’ అని అవి నిర్ణయిస్తాయి; ఎవరికి అన్న ప్రశ్న వాటికి లేదు. అట్ట వెనుక ప్రకటన కాంతాసమ్మితం కావాలని ప్రయత్నిస్తుంది, సాధారణంగా విఫలమవుతుంది. మిగిలినది స్నేహితుని మాట.

ఆ మాట నిర్మాణం గమనింపదగినది. ‘ఇది గొప్ప నవల’ అనే వాక్యంలో పాఠకుడు లేడు. ‘ఇది నీకు నచ్చుతుంది’ అనే వాక్యంలో ఉన్నాడు. ‘నచ్చు’ అనే క్రియకు ‘కు’ ప్రత్యయంతో ఒక అనుభోక్త ఉండి తీరాలి. అలాగే స్నేహితుడు ‘చదువు’ అని ఊరుకోడు, ‘చదివి చూడు’ అంటాడు. ఇక్కడ ‘చూడు’ సహాయక్రియ. వండి చూడు, అడిగి చూడు అన్నప్పటిలాగే అది పనిని పరీక్షగా మారుస్తుంది, తీర్పును వినేవానికి వదిలేస్తుంది. చెప్పేవాడు తన అభిరుచిని పణంగా పెట్టాడు. నచ్చకపోతే పోయేది అతని మాట విలువే. వ్రాతవిమర్శలో ఈ పణం అరుదు.

ఏ పుస్తకాన్నైనా స్నేహితునికి సిఫారసు చేయవచ్చు కదా, హత్యానవల ప్రత్యేకత ఏమిటన్న ప్రశ్న న్యాయమైనది. కవితాసంపుటిని సిఫారసు చేసేవాడు అందులో మంచి పద్యం చదివి వినిపించగలడు. సాంఘిక నవల అయితే ముగింపు చెప్పినా పెద్ద నష్టం లేదు. అపరాధ పరిశోధక నవలలో మాత్రం ఏది అన్నిటికన్నా బాగుందో దానినే దాచవలసి ఉంటుంది. ఆధారం చూపకుండా అభిప్రాయం చెప్పవలసిన విచిత్రమైన విమర్శస్థితి ఇది.

2. విల్సన్‌కు వచ్చిన ఉత్తరాలు

1944 అక్టోబరులో ఎడ్మండ్ విల్సన్ ‘న్యూయార్కర్’ పత్రికలో డిటెక్టివ్ కథలను జనం ఎందుకు చదువుతారని ప్రశ్నిస్తూ ఒక వ్యాసం రాశాడు. దానికి ప్రేరణ సిద్ధాంతం కాదు, ఒక సామాజికమైన ఇబ్బంది. తనకు తెలిసినవారందరూ ఈ నవలలు చదువుతూ వాటి గురించి సుదీర్ఘంగా మాట్లాడుకుంటారని, ఆ సంభాషణలో తాను పాల్గొనలేకపోతున్నానని అతడు మొదటే చెప్పుకున్నాడు. రెక్స్ స్టౌట్, క్రిస్టీ, డాషియల్ హామెట్ రచనలు కొన్ని చదివి పెదవి విరిచాడు. పాఠకుల నుండి నిరసన ఉత్తరాలు వచ్చాయి. ‘మీరు చదవవలసినవి అవి కావు, ఇవి’ అన్నది వాటి ప్రధాన స్వరం. 1945 జనవరిలో, రోజర్ అక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికేమని శీర్షికలోనే అడుగుతూ, రెండవ వ్యాసంతో జవాబిచ్చాడు. ఈసారి ఉత్తరాలు సూచించిన రచయితలను చదివాడు: డొరొతీ సేయర్స్, నయో మార్ష్, మార్జరీ అలింగ్‌హామ్, జాన్ డిక్సన్ కార్. ఎక్కువమంది మెచ్చిన సేయర్స్ నవల ‘ది నైన్ టైలర్స్’ (1934) అతనికి భరింపరానంత విసుగు పుట్టించింది. చర్చి గంటలు మోగించే పద్ధతిని వర్ణించిన భాగాలను దాటవేశానని కూడా ఒప్పుకున్నాడు. రేమండ్ చాండ్లర్‌ను మాత్రం కొంత మెచ్చాడు.

ఈ వ్యాసాలను సాధారణంగా ఉన్నత సాహిత్యానికీ జనప్రియ సాహిత్యానికీ మధ్య జరిగిన తగవుగా ఉదాహరిస్తారు. నాకు అవి ఒక సిఫారసు విఫలమైన కథగా కనిపిస్తాయి. ఉత్తరాలు రాసినవారు విల్సన్‌కు మిత్రులు కారు. ‘ఇది మంచిది’ అన్నారే కాని ‘ఇది మీకు’ అనలేదు. అనగలిగే పరిచయం వారికి లేదు. ప్రూస్ట్, జాయిస్‌ల మీద ‘ఆక్సెల్స్ కాసిల్’ (1931) రాసిన పాఠకునికి వాతావరణం కావాలి, వాక్యం కావాలి. అతనిని ఎరిగిన స్నేహితుడెవరైనా మొదటి పుస్తకంగా చాండ్లర్‌నే ఇచ్చి ఉండేవాడు, గంటల నవల జోలికి పోయేవాడు కాదు. ఇది ఊహ మాత్రమే కాదు. 1945 ఫిబ్రవరిలో రాసిన మూడవ వ్యాసంలో విల్సన్ షెర్లాక్ హోమ్స్ కథలను చదివి ఆనందించానని, అవి వినయమైన స్థాయిలోనైనా సాహిత్యమేనని అంగీకరించాడు. తనకు తగినదాన్ని చివరికి తానే వెతుక్కోవలసి వచ్చింది.

అతని తప్పు కూడా చిన్నది కాదు. సిఫారసును అతడు ప్రభుసమ్మితంగా అందుకున్నాడు, ఆజ్ఞను ధిక్కరించినట్టు ధిక్కరించాడు. గంటల భాగాన్ని దాటవేసినవాడు ‘ది నైన్ టైలర్స్’ చదివినట్టు కాదు. ఎందుకు కాదో ఇక్కడ వివరించను. ఈ వ్యాసం పాటించదలచిన నియమానికి అది భంగం.

3. చెప్పకుండా చెప్పడం

ఆ నియమం ఎంత కఠినమో 1926లో వెలువడిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ చూపిస్తుంది. విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఆ నవలను నాకిచ్చిన సీనియర్ ఒకే మాట అన్నాడు: “ఇందులో పాయిరో రిటైరై పల్లెటూళ్లో కూరగాయలు పండిస్తుంటాడు, చదివి చూడు.” అది నిజం. కింగ్స్ అబట్ అనే ఊరిలో పాయిరో సొరకాయల వంటివేవో పెంచుతూ, విసుగెత్తి ఒకదాన్ని పక్కింటి గోడ మీదుగా విసురుతాడు. ఆ నవల కీర్తికీ కూరగాయలకూ సంబంధం లేదు. సీనియర్ చూపిన నిగ్రహం విలువ పుస్తకం పూర్తయ్యాకనే నాకు తెలిసింది. ‘చివర చూడు, అదిరిపోతుంది’ అని అతడు అని ఉంటే హంతకుని పేరు చెప్పకుండానే నవలను సగం పాడుచేసేవాడు. మలుపు ఉందని తెలిసిన పాఠకుడు ప్రతి పుటలోనూ మలుపు కోసం కాచుకొని కూర్చుంటాడు. మోసపోయే హక్కు పోగొట్టుకుంటాడు. పొగడ్త కూడా ఒక లీకే.

కనుక ఈ ప్రక్రియలో మంచి సిఫారసు పక్కకు చూపిస్తుంది. ఊరు, వృత్తి, పాత్ర అలవాటు, ఒక వింత వస్తువు, వీటిలో ఏదో ఒకదాన్ని ముందుకు తెస్తుంది. ఆశ్చర్యమేమంటే నవలాకారుడు చేసే పని కూడా ఇదే. ముఖ్యమైన ఆధారాన్ని నలుగురి కళ్లెదుటే ఉంచి, దృష్టిని మరొక దానిమీదికి మళ్లిస్తాడు. సిఫారసు చేసేవాడు తెలిసి దాచే కథకుని స్థానంలోకి వస్తాడు. అతడు నవలను గురించి మాట్లాడటం లేదు, నవల పద్ధతిలోనే మాట్లాడుతున్నాడు. విమర్శ తన వస్తువు రూపాన్ని ఇంత సహజంగా ధరించే సందర్భం మరొకటి నాకు స్ఫురించడం లేదు.

గోప్యత ఇక్కడ వ్యక్తిగత మర్యాద స్థాయిని దాటి ఆచారమైంది. లండన్‌లో 1952 నవంబరులో ప్రారంభమైన క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ చివర, రహస్యాన్ని బయట చెప్పవద్దని రంగస్థలం మీదినుండే ప్రేక్షకులను కోరుతారు. మహమ్మారి కాలంలో 2020లో ఆగి మరుసటి ఏడాది మళ్లీ మొదలైన ఆ నాటకానికి ఇన్ని దశాబ్దాల ఆయువు ఆ వినతి వల్లనే వచ్చిందని చెప్పలేం. కాని చూసివచ్చిన ప్రతివాడూ ఆ వినతితో ఒక రహస్యానికి భాగస్వామి అయ్యాడు, ఆ హోదాలోనే స్నేహితుణ్ణి పంపాడు.

చదివిన వెంటనే కథ మరచిపోతానని, అదే డిటెక్టివ్ నవలను మళ్లీ చదవాలనిపించదని కవి ఆడెన్ 1948 నాటి ‘ది గిల్టీ వికరేజ్’ వ్యాసంలో ఒప్పుకున్నాడు. ఒంటరి పాఠకుని విషయంలో ఇది చాలావరకు నిజం. మిత్రుడున్న పాఠకుని విషయంలో కాదు. పుస్తకం ఇచ్చినవాడు మూడవ రోజున ‘ఎక్కడిదాకా వచ్చావు? ఎవరిమీద అనుమానం?’ అని అడుగుతాడు. మిత్రుడు చెప్పే తప్పు సమాధానం వింటూ, ఏ వాక్యం అతనిని ఆ దారి పట్టించిందో గుర్తుచేసుకుంటాడు. అది పునఃపఠనమే, అయితే మరొకరి కళ్లతో. తానెక్కడ మోసపోయాడో, ఆ మోసం న్యాయంగా జరిగిందో లేదో అప్పుడు తూకం వేస్తాడు. రోనల్డ్ నాక్స్ 1929లో పది నియమాలుగా పేర్చిన న్యాయక్రీడను లక్షలాది పాఠకులు ఆ పది నియమాలు చదవకుండానే ఇలా అమలు చేశారు. మరొకటి కూడా చెప్పాలి. ఫ్రెంచి విమర్శకుడు పియేర్ బయార్ 1998లో, అక్రాయిడ్ హత్యకు పాయిరో చెప్పిన పరిష్కారమే తప్పని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. చక్కని వాదన. కాని మూలనవల చదవనివారి చేతికి దానిని ఇవ్వరాదు. ఏది ముందు, ఏది తరువాత అన్న వివేకం కూడా సిఫారసులో భాగమే.

4. యుగంధర్ పాఠకులు

తెలుగు విషయానికి వస్తే ఈ చర్చ కొంత బాధాకరమవుతుంది. బెంగాలీ నుండి పాంచకడి దే నవలల అనువాదాలు వచ్చిన తొలిదశ మొదలుకొని, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు ఇంటింటా పరిచితులైన దశ మీదుగా, టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్, షాడోను సృష్టించిన మధుబాబు వరకు ఈ సాహిత్యం నిరంతరంగా చదవబడింది. ఆరుద్ర వంటి కవి, పరిశోధకుడు కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. మన సాహిత్యచరిత్రలు దీనికి ఇచ్చిన చోటు స్వల్పం. పరిశోధక విద్యార్థి ఈ అంశం ఎంచుకుంటే మొదటి ప్రశ్న ‘ఆధార విమర్శగ్రంథాలు ఏవి?’ అన్నదే.

ఈ నవలలు ఎక్కువగా బతికినది గ్రంథాలయాలలో కాదు, అద్దె పుస్తకాల దుకాణాలలో. అక్కడ సూచికలు లేవు. దుకాణదారు జ్ఞాపకమే సూచిక. ఎవరు ఏది చదివారో, ఎవరికి రక్తపాతం గిట్టదో, ఎవరింట్లో పిల్లవాణ్ణి పంపి తెప్పించుకొనే అమ్మగారికి దెయ్యం వాసన ఉన్న కథ కావాలో అతనికి తెలుసు. ‘చావు కేక’, ‘ప్రాక్టికల్ జోకర్’, ‘లక్షాధికారి హత్య’ వంటి పేర్లు ఆ దుకాణాల నుండి కాలేజీ వరండాలకు, కచేరీ బల్లలకు, రైలు పెట్టెలకు మాట మీదనే ప్రయాణించాయి. మొదటి పుటలోనే హంతకుని పేరు పెన్సిలుతో రాసిపెట్టే దుర్మార్గుడూ ఆ లోకంలో ఒకడుండేవాడు. అతనిని అందరూ అంతగా తిట్టుకోవడం నియమం ఎంత బలంగా ఉండేదో చెబుతుంది.

ఈ మౌఖిక విమర్శను సేకరించడానికి నేను చేసిన చిన్న ప్రయత్నంలో ఒక సంగతి బోధపడింది. ‘యుగంధర్ నవలల్లో మీకు నచ్చినది ఏది?’ అని అడిగితే పెద్దవారు ‘అన్నీ బాగానే ఉండేవి’ అని ముగిస్తారు. ‘ఏ పుస్తకం ఎవరికి ఇచ్చారు? ఏమని చెప్పి ఇచ్చారు?’ అని అడిగితే మాట ఆగదు. ఫలానా బావమరిదికి కోర్టు వ్యవహారాలు ఇష్టం కనుక ఇది, పిరికివాడు కనుక అది వద్దన్నాం, ఇది మాత్రం పరీక్షల ముందర ఎవరికీ ఇవ్వలేదు. పాత్రచిత్రణ, కథనవేగం, భయం, నమ్మదగినతనం అన్నిటి మీదా తీర్పులు ఆ సమాధానాలలో ఉన్నాయి. ప్రశ్న మారితే విమర్శ దొరికింది. పఠనచరిత్ర మీద పనిచేసేవారు తమ ప్రశ్నావళిని ఇలా మార్చుకొంటే మంచిది. ఆ తరం పాఠకులలో చాలామంది ఇప్పుడు ఎనభైకి చేరువలో ఉన్నారు.

పరిశోధనావ్యాసం ముగింపును చెప్పి తీరాలన్నది నా అభిప్రాయం. హంతకుణ్ణి పేర్కొనకుండా కథనశిల్పాన్ని విశ్లేషించడం సాధ్యం కాదు. ఈ వ్యాసంలోనే నేను ‘ది నైన్ టైలర్స్’ గురించి చెప్పవలసింది చెప్పలేకపోయాను. మిత్రుడు మౌనం వహించాలి, పరిశోధకుడు మాట్లాడాలి. ఈ రెండు ధర్మాలు ఒక్కోసారి ఒకే గదిలో ఢీకొంటాయి.

మా నాన్నగారి సహోద్యోగి ఒకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, యుగంధర్ నవలలు వరుసగా చదివినవారు. వాటిలో ఒకదాని ప్రతి నా దగ్గర ఉంది. చివరి ఫారం ఊడిపోయింది. మరొక ప్రతి కోసం పాత పుస్తకాల బజార్లలో తిరిగాను, దొరకలేదు. ఆయన దగ్గరకు వెళ్లి, కథ గుర్తుందా మాస్టారూ అని అడిగాను. మొదటి దృశ్యం నుండి, ఇంటి ఆవరణ, కారు ఆగిన చప్పుడుతో సహా, చివరి ఫారం దాకా చెప్పుకొచ్చి ఆగిపోయారు.

“చివర ఏమవుతుంది?” అన్నాను.

“నువ్వు ఆఖరు చదవలేదన్నావు కదూ?”

“పుటలు లేవండీ.”

“అయితే నేను చెప్పకూడదు నాయనా. ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది, వెతికి చూడు.”

పరిశోధన కోసమని, ఫర్వాలేదని రెండుసార్లు చెప్పాను. ఆయన నవ్వి, కాఫీ తెమ్మని లోపలికి కేకవేశారు.