'జపనీస్ రీలొకేషన్' నిజం చెబుతుందా? పెద్ద తరగతిలో ఒక ప్రచార చిత్రం

పెద్ద తరగతి పిల్లలకు సమీక్ష రాయడం నేర్పేటప్పుడు మనం మామూలుగా వాళ్ళకు నచ్చిన సినిమానే ఇస్తాం. "కథ బాగుంది, పాటలు బాగున్నాయి, అందరూ చూడవచ్చు" అని రాసి ఇచ్చేస్తారు. ఈసారి ఒక పాత చిత్రంతో ప్రయత్నించి చూడండి. పేరు 'జపనీస్ రీలొకేషన్'. 1942లో అమెరికా ప్రభుత్వం తీసింది. నిడివి పది నిమిషాల లోపే. ప్రభుత్వ చిత్రం కాబట్టి కాపీరైటు చిక్కు కూడా లేదు. యుద్ధకాలపు ప్రచార చిత్రాల్లో మన పిల్లలు ముందుగా చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ముందు జరిగిన సంగతి. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. దాన్ని ఆధారం చేసుకుని పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్ళను, సుమారు 1,20,000 మందిని, ఇళ్ళు ఖాళీ చేయించి ఎడారుల్లోనూ చిత్తడి నేలల్లోనూ కట్టిన పది శిబిరాలకు తరలించారు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఇక్కడే పుట్టిన పౌరులు. ఒక్కొక్కరి మీద విడిగా నేరారోపణ లేదు, విచారణ లేదు.

సినిమాలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. మూటాముల్లె సర్దుకుంటున్న కుటుంబాలు, రైళ్ళు, బస్సులు, భోజనాల వరుసలు, పిల్లలు. వెనక సంగీతం, దాని మీద ఒక శాంతమైన గొంతు. ఈ పని చేయడం ప్రభుత్వానికి ఇష్టం కాదనీ, అయినా ప్రజాస్వామ్యం చేయాల్సిన పద్ధతిలో మర్యాదగా చేస్తున్నామనీ ఆ గొంతు చెబుతుంది. కాగితాల పని కూడా వాళ్ళే సంతోషంగా చేసుకున్నారట. వెళ్ళిన చోటు బీడునేల, కానీ అవకాశాల నేలట. శాంటా అనితా రేసుకోర్సు ఉన్నట్టుండి ఒక ఊరైపోయిందని చెబుతుంది. అక్కడ చాలామందిని పెట్టింది గుర్రాల కొట్టాల్లో అన్న మాట మాత్రం రాదు.

మా తరగతిలో ఇది చూపించినప్పుడు మొదట వచ్చిన మాట: "వాళ్ళు నవ్వుతున్నారు కదా టీచర్, ఇష్టపడే వెళ్ళారేమో." చరిత్ర చెప్పాక అదే తరగతి రెండో వైపుకు ఒరిగింది: "అయితే ఇదంతా ఫేక్. యాక్టింగ్." రెండు మాటలూ తొందరపాటువే. రెండోది ఇంకా ప్రమాదం. ఎందుకంటే అది తెలివైన మాటలా వినిపిస్తుంది, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది.

పాత ప్రచార చిత్రాలను చూసేటప్పుడు పెద్దవాళ్ళం కూడా చేసే పొరపాటు ఇదే. "ఇది నిజంగా తీసిందా, నటింపజేసిందా" అని ఒక్క ప్రశ్న అడిగి తీర్పు చెప్పేస్తాం. ఆ ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో రెండు ఉదాహరణలు చూడండి. జాన్ ఫోర్డ్, గ్రెగ్ టోలండ్ తీసిన 'డిసెంబర్ 7త్' (1943)లో దాడి దృశ్యాలు కొన్ని తర్వాత సెట్లు వేసి తీసినవి. అవే ఆ తర్వాత ఎన్నో డాక్యుమెంటరీల్లో అసలు దాడి దృశ్యాలుగా చెలామణి అయ్యాయి. జాన్ హ్యూస్టన్ 'శాన్ పియెత్రో' (1945)లో పోరాటపు షాట్లు చాలావరకు పోరు ముగిశాక సైనికులతో మళ్ళీ తీసినవని పరిశోధకులు తేల్చారు. అయినా మామూలు సైనికుడు ఒక చిన్న ఊరి కోసం ఎంత నష్టపోతాడో ఆ చిత్రం దాచదు. 'జపనీస్ రీలొకేషన్' దీనికి తలకిందులు. అందులోని రైళ్ళు నిజం, మనుషులు నిజం, రేసుకోర్సు నిజం. బొమ్మ నిజమే, దానికి పెట్టిన మాట తప్పు.

ఆ మాట చెప్పిన మనిషి ఎవరో తెలిస్తే ఇంకా ఆలోచన వస్తుంది. ఆయన మిల్టన్ ఐసెన్‌హోవర్. తర్వాత అధ్యక్షుడైన డ్వైట్ ఐసెన్‌హోవర్‌కు తమ్ముడు, ఈ శిబిరాలు నడిపిన సంస్థకు మొదటి డైరెక్టరు. 1942 ఏప్రిల్‌లోనే ఆయన వ్యవసాయ మంత్రికి ఒక ఉత్తరం రాశారు. యుద్ధం ముగిసి ప్రశాంతంగా ఆలోచించిన రోజున ఈ అన్యాయాలకు మనం బాధపడతామని అందులో ఉంది. దాదాపు మూడు నెలలకే ఆ పదవి వదిలేశారు. సినిమాలోని గొంతులో మాత్రం ఆ సందేహం ఎక్కడా లేదు. చూసేవాళ్ళకు సందేహం కలగకూడదు కాబట్టి చెప్పేవాడు తన సందేహాన్ని పక్కన పెట్టాడు. ప్రచారం పనిచేసే తీరు ఇదేనని పిల్లలకు చెప్పండి. అది దుర్మార్గుల చేతిలోనే ఉండదు, మంచివాళ్ళ గొంతు కూడా అరువు తీసుకుంటుంది.

ఇంకొక సంగతి గమనించమనండి. ఈ చిత్రంలో తరలిపోయిన వాళ్ళు ఒక్కరూ మాట్లాడరు. వాళ్ళ వైపు నుంచి తీసిన చిత్రమూ ఒకటుంది. టోపాజ్ శిబిరంలో ఉన్న డేవ్ తత్సునో, అక్కడి ఉద్యోగి ఒకరి సాయంతో 8 ఎం.ఎం. కెమెరా తెప్పించుకుని రహస్యంగా రంగుల్లో తీసిన ఇంటి చిత్రాలు 1996లో నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరాయి. వాటిలోనూ మనుషులు నవ్వుతూ కనిపిస్తారు! కెమెరా ముందు మనవాళ్ళు నవ్వరా? అంటే నవ్వు అబద్ధం కాదు. నవ్వును అంగీకారానికి సాక్ష్యంగా చూపడం అబద్ధం.

1983లో కాంగ్రెస్ నియమించిన కమిషన్ తేల్చింది ఇది: ఈ తరలింపుకు సైనిక అవసరం లేదు. కారణాలు జాతి వివక్ష, యుద్ధపు భయావేశం, నాయకత్వ వైఫల్యం. 1988 చట్టం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. తర్వాతి ప్రేక్షకులమైన మనకు ఇదంతా తెలుసు. ఆనాటి హాల్లో కూర్చున్నవాడికి తెలియదు. అతనికి ఉన్న భయం మాత్రం నిజం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన తాతల తరంలో ఎందరో ఊళ్ళు వదిలారు. భయాన్ని ఎగతాళి చేయకుండా, ఆ భయానికి మూల్యం ఎవరి చేత కట్టించారన్నది అడగాలి.

"ఇది అమెరికా చరిత్ర, తెలుగు తరగతిలో ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. నా జవాబు మాటల్లో ఉంది. 'రీలొకేషన్'ను తెలుగులో ఏమనాలి? తరలింపా, పునరావాసమా, నిర్బంధమా? ఏ మాట ఎంచుకున్నా మీరు ఒక తీర్పు చెప్పినట్టే. వైద్య శిబిరం, నిర్బంధ శిబిరం, రెండూ మనకు శిబిరాలే. 'ప్రచారం' సంగతి చూడండి. ఎన్నికల ప్రచారం, పోలియో చుక్కల ప్రచారం, "అలా ప్రచారం జరుగుతోంది" అంటే పుకారు. ఒకే మాటలో మంచీ చెడూ వదంతీ ఇమిడి ఉన్నాయి. ఈ తేడాలు పట్టుకోగలిగిన పిల్లవాడికి తెలుగు వచ్చినట్టు లెక్క.

మనకూ ఇలాంటి చిత్రాలున్నాయి. 1943 నుంచి బ్రిటిష్ ప్రభుత్వపు ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా తీసిన యుద్ధ వార్తాచిత్రాలు తెలుగులోనూ వచ్చాయి. ప్రతి సినిమా హాలూ ప్రభుత్వం ఆమోదించిన చిత్రాలను తప్పనిసరిగా వేయాలని నియమం పెట్టారు. ప్రేక్షకుడు టికెట్టు కొన్నది వేరే సినిమాకు, ముందు చూడాల్సింది ఇది. 1948లో మొదలైన ఫిలిమ్స్ డివిజన్ న్యూస్ రీళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటాయి. ఆ వారం హోంవర్క్‌గా అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, న్యూస్ రీల్‌లో ఏం చూపేవారు, ఎంత నమ్మేవారు అని అడిగి రాసుకురమ్మనండి.

తరగతిలో చేసే పద్ధతి ఇది. మొదట శబ్దం లేకుండా చూపించి, ఏం కనిపించిందో తెలుగులో రాయించండి. తర్వాత శబ్దంతో చూపించి, కనిపించనిది ఏమేం వినిపించిందో రాయించండి. చివర నాలుగు ప్రశ్నలు: ఎవరు తీశారు? ఎవరికోసం? ఎవరు మాట్లాడలేదు? ఏ మాట స్థానంలో ఏ మాట వాడారు? తీర్పు మీరు చెప్పకండి. పిల్లల్లో ఎవరైనా జపాన్ మూలాల స్నేహితుల కుటుంబ కథ చెబితే, పాఠం పక్కన పెట్టి వినండి.

అన్నిటికన్నా కష్టమైన మెట్టు చివరిది. ఇవే నాలుగు ప్రశ్నలు మనకు ఒళ్ళు పులకరించే దేశభక్తి సినిమాకూ, ఫ్యామిలీ గ్రూపులో మనమే పంపిన వీడియోకూ వేయాలి. పిల్లలు అడగకముందే మనం వేసుకుంటే మంచిది. ఎందుకంటే వాళ్ళు తప్పకుండా అడుగుతారు.