పాట, బాట, మాట: పెదవులు చెప్పనివి

స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) చిత్రంలో ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. ఇద్దరు వ్యోమగాములు హాల్ అనే కంప్యూటరుకు వినబడకుండా చిన్న వాహనంలో కూర్చుని రహస్యంగా మాట్లాడుకుంటారు. హాల్ కిటికీ గుండా వారి పెదవుల కదలికలు చూసి సంగతి గ్రహిస్తుంది. కథకు ఆ ఘట్టం బలం చేకూర్చిన మాట నిజమే. అయితే చూపు ఉంటే చాలు, పెదవులను అచ్చుపుస్తకంలా చదివేయవచ్చునన్న అపోహకూ అటువంటి ఘట్టాలు బలం చేకూర్చాయి.

ఈ అపోహను తెలుగు ధ్వనులతోనే పరీక్షించవచ్చు. అద్దం ముందు నిలబడి, శబ్దం బయటికి రానీయకుండా 'పాట', 'బాట', 'మాట' అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకే తీరున కలిసి విడిపోతాయి. ప, బల భేదం కంఠంలోని నాదంలో ఉంది. బ, మల భేదం ముక్కు గుండా వెలువడే గాలిలో ఉంది. రెండూ కంటికి కనబడవు. క, గలు నోటి వెనుక భాగాన పుడతాయి కనుక వాటి జాడ ఇంకా తక్కువ. మిగిలినదంతా సందర్భాన్ని బట్టి, వాక్యపు పోకడను బట్టి, ముఖభావాన్ని బట్టి ఊహించుకోవలసిందే.

అలా ఊహించడానికి ముందుగా ఆ భాష వచ్చి ఉండాలి. అసలు కీలకం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. మాటలు నేర్చిన తరువాత వినికిడి కోల్పోయినవారికి పెదవుల కదలిక కొంత ఆసరా. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు అదే భాష నేర్పుతుందనుకోవడం పునాది లేకుండా కప్పు వేయడం. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సైగల భాషను తోసిపుచ్చి, నోటిమాటతోనే బోధించాలని తీర్మానించింది. ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం వ్యక్తం చేయడానికి 2010 నాటి వాంకూవర్ మహాసభ దాకా ఆగవలసి వచ్చింది. ఈ 130 ఏళ్లలో ఎందరో పిల్లలకు బడిలో చేతులతో మాట్లాడడమే తప్పయింది.

గుల్జార్ హిందీ చిత్రం 'కోషిష్' (1972) వేరే దారి పట్టింది. సంజీవ్ కుమార్, జయా భాదురి పోషించిన బధిర దంపతులు చేతులతో మాట్లాడుకుంటారు. వారి మాట తెలుసుకునే శ్రమ ప్రేక్షకునిది. ఆ శ్రమను చూసేవారికి అప్పగించడమే ఆ చిత్రం గొప్పదనం.

ఇంట తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో విని పెరిగిన మీకు, పాఠం అందకపోయినా తల ఊపడమంటే ఏమిటో తెలిసే ఉంటుంది. మీకు ఆ రెండో భాష రోజూ చెవిన పడింది, క్రమంగా వచ్చింది. బధిర సహపాఠికి ఆ అవకాశం లేదు. అతనితో మాట్లాడేటప్పుడు అరవనక్కరలేదు. వెలుగులో ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడండి, అవసరమైతే రాసి చూపండి. అన్నిటికన్నా మిన్నగా, అతని చేతి భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి.