'ఖాళీ స్థలం' అన్న మాట

విశ్వవిద్యాలయాల ప్రణాళికా పటాలలో భవనాలకు పేర్లుంటాయి. వాటి నడుమ మిగిలిన నేలకు పేరుండదు. ఆకుపచ్చ రంగు పూసి వదిలేస్తారు. ఆవరణ రచన మీద విమర్శ ఇక్కడినుంచే మొదలుకావాలని నా అభిప్రాయం. 'ఖాళీ' అని పేరుపడిన భూమిని ఎవరికి ధారపోసినా అడిగేవారుండరు.

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. గచ్చిబౌలి వద్ద దానికి కేటాయించిన భూమి సుమారు 2,300 ఎకరాలు: గుండురాళ్ళు, తుప్పలు, పల్లాలలో చెరువులు. ఇటువంటి నేలలో మన్ను పలుచన. బండమీద పడిన వాన పల్లానికి జారి చెరువు చేరుతుంది. ఆ దారికి అడ్డంగా భవనం లేపితే చెరువు ఎండుతుంది. బండను పగలగొట్టి పచ్చిక పరిస్తే వేసవి పొడుగునా దానికి గొట్టపు నీరు పొయ్యాలి. (ఎవరూ కూర్చోరాదని బోర్డు పాతిన పచ్చిక మీద మన అధికారుల మోజు దొరల బంగళాల నాటిది.)

ఆ ఆవరణలో భాగమేనని విద్యార్థులు వాదించిన 400 ఎకరాల పేరు కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర అక్కడికి యంత్రాలు వచ్చాయి, చెట్లు కూలాయి, అడ్డుపడిన విద్యార్థులు కొందరు అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. యాజమాన్య వివాదం జోలికి నేను పోను. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక నా దృష్టి మాటల మీద పడింది. అది అడవి కాదని ప్రభుత్వం, అడవేనని విద్యార్థులు. అడవి కాకపోతే ఖాళీయే అన్నట్టు వాదం సాగింది. ఊరి పేరులోనే ఉన్న 'కంచ'ను ఎవరూ పట్టించుకోలేదు. కోస్తావారికి కంచె అంటే చేనుచుట్టూ కట్టే అడ్డు. తెలంగాణ పల్లెల్లో కంచ అంటే పశువులు మేసే బీడు. అది ఖాళీ కాదు, మనిషి అడుగుపడని అరణ్యమూ కాదు. విద్యార్థుల పోరాటం న్యాయమైనదే. కాని జింకలనూ నెమళ్ళనూ తలచుకున్న మనం గొర్రెలకాపరిని తలచుకోకపోవడం మధ్యతరగతి దృష్టి కాక మరేమిటి?

అదే ఆవరణలో 2016 జనవరిలో మరొక స్థల రచన జరిగింది. వసతిగృహాలనుంచి వెలికి గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు అంగళ్ళ సముదాయం దగ్గర ఆరుబయట గుడారం వేసి, వెలివాడ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. సరుకులు కొనుక్కుపోయే జాగా నిరసన సభలకు కేంద్రమైంది. ఏ ప్రణాళికా పటంలోనూ లేని పేరది. ఊరికి వెలిగా ఒక వాడ ఉంటుందని తెలిసినవారే ఆ పేరు పెట్టగలరు.

ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల నిజాం దర్పానికి గుర్తుగా లేచిన భవనం. దాని ముంగిట 1969లోనూ, 2009 తర్వాతా విద్యార్థులు గుమిగూడి ఆ ముంగిలి అర్థాన్నే మార్చారు. కట్టించినవారి ఉద్దేశం ఏదయినా, అక్కడ విశాలమైన జాగా ఉండడం వల్లనే అది సాధ్యపడింది.

ఇకమీదట ఏ కళాశాల పటం మన అధ్యాపక సంఘాల ముందుకొచ్చినా, ఎన్ని గదులని అడిగేముందు, వాననీరు పారే దారేది, అనుమతిపత్రం లేకుండా అయిదువందలమంది కూర్చోగల చోటేది అని అడుగుదాం.